సమ్మయ్య పోసిన ఆయిలు

అచ్యుతరామయ్య గారి ఎర్ర కారు తార్నాక చౌరస్తాలో నీలిపొగ కక్కి మూలబడ్డ నాటినుంచి సమ్మయ్యకు అన్నం సయించలేదంటే అబద్ధమే అవుతుంది. అన్నం సయించింది. బుచ్చవ్వ వడ్డించి ఎదురుగా కూర్చున్నాక సయించకపోవడం అనేది ఆ ఇంట్లో కుదిరే పని కాదు. నిద్ర కూడా బాగానే పట్టింది. పోయిందల్లా పేరు. చేతిపనితో బతికే మనిషికి అది పోయాక ఇంకేం మిగులుతుందో మీరే చెప్పండి.

సమ్మయ్య యూనివర్సిటీ ఇంజనీరింగు కాలేజీ వర్క్‌షాపులో ఫిట్టింగు నేర్పే ఇన్‌స్ట్రక్టరు. జనగామ పక్క పల్లెలో నాగలి వదిలి, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో సుత్తి పట్టి, అక్కణ్ణుంచి క్యాంపస్‌కు వచ్చి పదహారేళ్ళు. కాబోయే ఇంజనీర్లు అతన్ని ఉస్తాద్ అంటారు. అతని దగ్గర ఆకురాయి పట్టాకే కొందరికి తాము ఇంజనీర్లమన్న నమ్మకం కలుగుతుంది. కొందరికి ఉన్న నమ్మకం పోతుంది.

అచ్యుతరామయ్య గారు అదే కాలేజీలో థర్మోడైనమిక్స్ ప్రొఫెసరు. తెనాలి వైపు మనిషి. వేడి గురించి ఆయనకు తెలియనిది లేదు. కాఫీ చల్లారిపోయిందని మాత్రం భార్య విశాలాక్షి గారే వచ్చి చెప్పాలి. రెండేళ్ళు ఇక్కడ పాఠాలు చెప్పిన ఒక అమెరికా ప్రొఫెసరు తిరిగి వెళ్ళిపోతూ తన కారును ఈయనకు అమ్మి వెళ్ళాడు. రెండే తలుపులు, నేలను రాసుకుంటూ పోయే ఎత్తు, ఎడమ పక్క స్టీరింగు. అన్నిటికంటే వింత, దాని ఇంజనుకు టర్బోచార్జర్ ఉంది. పొగగొట్టంలోకి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్టుకు రెండో చివర ఉన్న ఇంకో చక్రం ఇంజనులోకి గాలిని బలవంతంగా ఊదుతుంది. గాలి ఎక్కువైతే బలమూ ఎక్కువ. చక్రాలు రెండూ అరచేతిలో ఇమిడేంత చిన్నవే గానీ, నిమిషానికి యాభై వేల చుట్లు తిరుగుతాయట. అలా తిరిగినప్పుడు కారు సన్నగా ఈల వేస్తుంది. ఆ ఈల వినగానే తార్నాకలో పిల్లలు వీధిలోకి ఉరికేవారు. ప్రొఫెసరు గారు ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టుకుని వెళ్ళేవారు గానీ, పిల్లలు లేని రోజున కాస్త చిన్నబుచ్చుకునేవారని విశాలాక్షి గారి ఉవాచ.

అలాంటి ఈల ఒక రోజు కీచుమని ఆగిపోయింది. వెనకాల పొగ గొడుగు పట్టింది. చౌరస్తాలో బస్సు డ్రైవరు దారి కనిపించక బస్సు ఆపి, దోమల మందు కొట్టేవాళ్ళు వచ్చారేమోనని కిందికి దిగి చూశాడు.

మర్నాడు స్టాఫ్ రూములో ఎవరో కారణం అడిగితే అచ్యుతరామయ్య గారు పేపరు మడిచి, "ఆయిలు. వారం కిందటే సమ్మయ్య మార్చాడు," అన్నారు. అంతే. తిట్టలేదు, కోప్పడలేదు. తిడితే బాగుండేది. తిట్టిన మాటకు జవాబు చెప్పవచ్చు. ఈ మాట మాత్రం టీ గ్లాసులతో పాటు గదులన్నీ తిరిగింది. సాయంత్రానికి క్యాంపస్ అంతటికీ తెలిసిపోయింది, సమ్మయ్య పోసిన ఆయిలుకు అమెరికా కారు చచ్చిందని.

ఆ ఆయిలు సమ్మయ్య సికింద్రాబాదు వెళ్ళి, సీలు తియ్యని డబ్బా చూసి మరీ తెచ్చింది. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలి? ఫీజుల గుమాస్తా శ్రీనివాసరావు తన స్కూటరుకు ఏ చిన్న జబ్బు చేసినా సమ్మయ్య దగ్గరికే తెచ్చేవాడు. ఆ వారం ఆగిపోయిన స్కూటరును నెట్టుకుంటూ వర్క్‌షాపు గేటు ముందునుంచే, తల అటు తిప్పుకుని, తార్నాక దాకా చెమటలు కక్కుతూ తీసుకుపోయాడు. అది చూసిన రోజున మాత్రం సమ్మయ్య చేతిలోని ఆకురాయి బల్ల మీద పడేసి పని చాలించాడు.

కొత్త టర్బోచార్జర్ కోసం ఆ అమెరికా ప్రొఫెసరుకు ఉత్తరం వెళ్ళింది. పార్సిలు ఓడెక్కి, బొంబాయిలో కస్టమ్స్ వాళ్ళ దగ్గర నానా ప్రశ్నలకు జవాబు చెప్పుకుని, ఐదు నెలలకు హైదరాబాదు చేరింది. అచ్యుతరామయ్య గారు సమ్మయ్యను పిలిపించారు. నమ్మకం పుట్టి కాదు. ఊళ్ళో మెకానిక్కులందరూ వచ్చి, చూసి, దండం పెట్టి వెళ్ళిపోయారు.

"ఒక్కటే పీసు సమ్మయ్యా. ఇది పోతే ఇంకోటి రాదు. ఆ మోడలే ఆపేశారట," అన్నారు. "ఈసారి ఆయిలు నేనే తెప్పిస్తాను. నువ్వు పొయ్యడం వరకే," అని కూడా అన్నారు.

"గట్లనే సార్," అన్నాడు సమ్మయ్య. ప్రొఫెసరు గారి ఆ రెండు మాటలూ మింగడానికి వర్క్‌షాపు దాకా నడక పట్టింది. నడుస్తూ లెక్క కట్టుకున్నాడు. బిగించాలి. అంతకంటే ముందు పాతది ఎందుకు పోయిందో కనిపెట్టాలి. కనిపెట్టకుండా బిగిస్తే మూడు నెలలకో నాలుగు నెలలకో ఇదీ పోతుంది. అప్పుడిక ఆయిలు కాదు, చెయ్యే చెడ్డదంటారు. ఆ మాట పడ్డాక క్యాంపస్‌లో తలెత్తుకు తిరగలేడు.

శనివారం పాతదాన్ని విప్పాడు. తుప్పుపట్టిన బోల్టులకు రాత్రంతా కిరసనాయిలు తాగించి ఉంచాడు కాబట్టి ఒక్కటి కూడా తెగలేదు. షాఫ్టు బయటికి లాగి చూస్తే చక్రాల రెక్కలు ఒరుసుకుపోయి ఉన్నాయి. అది ఎవరైనా అనుకునేదే. అనుకోనిది షాఫ్టు నడుమ కనిపించింది. బేరింగు తిరిగే చోట నల్లగా, గట్టిగా ఒక పొర. గోటితో గీకితే రాలేదు. ఆయిలు వచ్చే సన్నటి పైపులో తీగ పెట్టి పొడిస్తే నల్లటి నూకలు రాలాయి. ఆయిలులో మట్టి ఉంటే గీతలు పడాలి. నీళ్ళుంటే తుప్పు పట్టాలి. ఇదేమిటో రైల్వేలో కూడా చూడలేదు. షాఫ్టును గుడ్డలో చుట్టి, లాలాపేటలో తన ఇంటికి పట్టుకెళ్ళాడు.

ఆదివారం పొద్దున దాన్ని వాకిట్లో ముందు పెట్టుకుని చూస్తూ కూర్చుంటే బుచ్చవ్వ పొయ్యి దగ్గరినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏందయ్యా, పిల్లగాన్ని పండవెట్టినట్టు పండవెట్టినవు? ఏందది?"

"సార్ కారుది. నన్ను బద్నాం చేసింది ఇదే."

బుచ్చవ్వ వంగి, నల్లటి పొరను బొటనవేలితో తడిమింది. వాసన చూసింది. "మాడిన నూనె," అంది.

"నూనె గాదే, ఆయిలు."

"నీకు ఆయిలు, నాకు నూనె. మాడినంక రెండూ ఒక్కటే. నా పెనం బోర్లిచ్చి చూడు, గిదే ఉన్నది." నిజంగానే పెనం తెచ్చి బోర్లించి పక్కన పెట్టింది. అదే నలుపు, అదే గట్టిదనం.

"అయితే నేను పోసింది మంచిది గాదంటవా?"

"గట్ల నేనెప్పుడన్న? మంచి నూనె మాడదా? పెనం మీద నూనె అటిటు కదులుతుంటే మాడది. కాలిన పెనం మీద నాలుగు సుక్కలు అట్లనే ఇడిసిపెట్టి, పక్కింటామెతోని ముచ్చట పెట్టుకుంట నిలబడితె మాడతది. గది నూనె తప్పు గాదు. ముచ్చట పెట్టుకున్నోళ్ళ తప్పు."

సమ్మయ్య నోరు తెరుచుకుని భార్యను చూశాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమె తనకు చాలా విషయాల్లో పాఠం చెప్పింది గానీ, కార్ల విషయంలో ఇదే మొదలు. "మా సార్ ముచ్చట పెట్టుకునే మనిషి గాడే," అన్నాడు చివరికి.

"అయితె ఇంకేదో చేసిండు. పోయి అర్సుకో."

ఆరా తీసి అరుసుకోవడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. క్యాంపస్ రోడ్డు ఎత్తెక్కి, అక్కణ్ణుంచి తార్నాక వైపు దిగుతుంది. ఆ దిగుడు అడుగున సామేలు చాయ్ దుకాణం. సోమవారం పొద్దున సమ్మయ్య అక్కడ ఆగి, చాయ్ చెప్పి, ఎర్ర కారు మాట కదిపాడు. సామేలుకు అది చాలు. ఆ కారు తన దుకాణం ముందునుంచి పోయేది కాబట్టి అందులో తనకూ కొంత వాటా ఉందని అతని ఉద్దేశం.

"అమెరికా బండంటె ఏమనుకున్నవు సమ్మన్నా! ఎత్తు ఎక్కేదాంక ఈల ఏసుకుంట వచ్చేది. ఉతార్ షురూ అయిందంటె గప్‌చుప్! సప్పుడు లేదు, పొగ లేదు. పిల్లి లెక్క దిగేది. నా దుకాణం కాడికి వచ్చినంక మల్ల గుర్రుమనేది. మన బండ్లు దిగుతయా గట్ల?"

"ఉతార్ల ఒక్కనాడు గూడ సప్పుడు లేకుండెనా?"

"ఒక్కనాడు గూడ లేదు. జనం నిలబడి చూసేటోళ్ళు. గాలితోని ఉరికే మిషిను ఉన్నదట దాంట్ల."

సమ్మయ్య చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. గాలితో ఉరికే మిషనూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఉతారు, అదే ఆ దిగుడు, రాగానే ప్రొఫెసరు గారు తాళం తిప్పి ఇంజను ఆపేస్తున్నారు! పెట్రోలు ఆదా. యుద్ధం రోజుల్లో పెట్రోలు రేషనులో దొరికేటప్పుడు తెనాలిలో వాళ్ళ నాన్నగారు కాలవగట్టు దిగుతూ ఇంజను కట్టేసేవారని ఆయనే ఒకసారి గొప్పగా చెప్పారు. నగరంలో అందరికంటే వేగంగా పోయే కారు కొనుక్కుని, నాన్నగారి ఫోర్డు రోజుల పొదుపు మానలేకపోయారు మహానుభావుడు. ఎత్తు మీదికి కారును ఉరికించినప్పుడు చక్రం ఎర్రగా కాలి గిరగిరా తిరుగుతుంటుంది. సరిగ్గా అప్పుడే ఇంజను ఆపితే ఆయిలు పంపు ఆగుతుంది. చక్రం ఆగదు. కదలని ఆయిలు కాలిన షాఫ్టు మీద మాడి బొగ్గవుతుంది. మధ్యాహ్నం భోజనానికి, సాయంత్రం ఇంటికి, రోజుకు రెండుసార్లు, కారు కొన్న రెండేళ్ళూ. బుచ్చవ్వ చెప్పిన ముచ్చట ఇదే.

తప్పు తనది కాదని తేలినందుకు సమ్మయ్యకు గంతెయ్యాలనిపించింది. రెండు నిమిషాలకు ఆ సంబరం దిగిపోయింది. తేలడం వేరు, చెప్పడం వేరు. వేడి గురించి దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చే మనిషి దగ్గరికి పోయి, సార్, వేడి సంగతి మీకు తెలియక కారు చంపారు అని ఎలా అనాలి? అనకపోతే కొత్తది కూడా ఆ ఉతారులోనే పోతుంది.

ఆ వారమంతా మాటలు కూర్చుకున్నాడు. "సార్, ఇంజనుకు గూడ మనిషి లెక్కనే జర ఆయాసం తీరాలె..." "సార్, కొత్తది గదా, కొన్నాళ్ళు ఉతార్ల బంద్ చెయ్యకుంటె..." బుచ్చవ్వ ముందు నిలబడి అప్పజెప్పాడు. ఆమె మెంతికూర తుంచుతూ విని, "పెండ్లిసంబంధం అడగవోతున్నవా? సక్కగ చెప్పరాదు," అంది. చక్కగా చెప్పడం ఎంత కష్టమో ఇంజనీరింగు కాలేజీలో పనిచేస్తే తెలుస్తుంది ఆమెకు.

బిగించే పని రెండు రోజులు పట్టింది. ఆయిలు పైపును తీగతో, పెట్రోలుతో కడిగి, ఒక చివర ఊది రెండో చివర చెంప మీద గాలి తగిలేదాకా వదల్లేదు. కొత్త టర్బోచార్జర్‌ను బిగించే ముందు ఆయిలు రంధ్రంలో తన చేత్తో కాస్త ఆయిలు పోసి, చక్రాన్ని వేలితో తిప్పాడు. అది నీళ్ళలో తిరిగినంత మెత్తగా తిరిగింది. తరువాత ఇంజను అంటుకోకుండా కాయిల్ వైరు తీసి, ఉత్తినే నాలుగుసార్లు తిప్పించాడు. పైపు చివర ఆయిలు చుక్క కనిపించాకే పైపు బిగించి, వైరు పెట్టాడు. అచ్యుతరామయ్య గారు పక్కనే చేతులు కట్టుకుని నిలబడి అంతా చూశారు గానీ మాట్లాడలేదు. ఆయన తెప్పించిన ఆయిలు డబ్బా చూసి సమ్మయ్య కూడా మాట్లాడలేదు. అది తను ఇంతకుముందు పోసిన రకమే.

శుక్రవారం మధ్యాహ్నం ట్రయలు. "ఎక్కు," అన్నారు ప్రొఫెసరు గారు. సమ్మయ్య ప్యాంటు దులుపుకుని కుడిపక్క సీటులో సగం మాత్రమే ఆనుకుని కూర్చున్నాడు. కారు లైబ్రరీ దాటింది. తిన్నటి రోడ్డు వచ్చింది. ఆయన కాలు నొక్కారు. లోపలెక్కడో సన్నగా మొదలై, పెరిగి, పెరిగి, ఐదు నెలలుగా తార్నాక మరిచిపోయిన ఈల బయటికి వచ్చింది. చెట్ల కింద విద్యార్థులు చేతులూపి అరిచారు. అచ్యుతరామయ్య గారు నవ్వారు. ఆ వయసులో ఆయనకు అంత నవ్వు ఉంటుందని సమ్మయ్య ఎన్నడూ అనుకోలేదు. ఈ నవ్వు మీద ఎలా నీళ్ళు చల్లేది? ఇల్లు చేరాక చెబుదాం అనుకున్నాడు.

కారు ఎత్తు మీదికి వచ్చింది. ఎదురుగా ఉతారు. ఆయన కుడిచెయ్యి స్టీరింగు వదిలి, డాష్‌బోర్డు మీది తాళం వైపు, ఆలోచన ఏమీ లేకుండా, తన పాటికి తను వెళ్ళింది.

దాని మీద సమ్మయ్య చెయ్యి పడింది.

గ్రీజు చెయ్యి. పదహారేళ్ళ ఉద్యోగంలో ఒక ప్రొఫెసరును అతను తాకడం అదే మొదలు. తను ఏం చేశాడో ఆ తరువాతే తెలిసింది. అయినా చెయ్యి మాత్రం తియ్యలేదు.

"ఏమిటిది సమ్మయ్యా?"

"బంద్ చెయ్యకుండ్రి సార్."

"దిగుడే కదయ్యా. ఇంజను ఎందుకు దండగ?"

"లోపల చక్రం కాలి ఉన్నది సార్. ఇంక తిరుగుతనే ఉన్నది. మీరు బంద్ చేస్తె ఆయిలు ఆగుతది, చక్రం ఆగది. ఆయిలు ఆడనే మాడి బొగ్గయితది. పాతది గట్లనే పోయింది. నేను పోసిన ఆయిలుతోని పోలే."

వారం రోజులు కూర్చుకున్న మర్యాదల్లో ఒక్కటి కూడా సమయానికి రాలేదు. ఇంజను మెల్లగా గుర్రుమంటూ ఉండగానే కారు ఉతారు దిగుతోంది. సామేలు దుకాణం దగ్గర జనం ఆ చప్పుడు విని కాస్త నిరాశపడ్డారు.

"అంటే, పాతదాన్ని నేనే పాడుచేశానంటావా?" అన్నారు అచ్యుతరామయ్య గారు, రోడ్డు వైపే చూస్తూ.

కాదు సార్ అనాలి. ఉద్యోగధర్మం అదే. "అవును సార్," అన్నాడు సమ్మయ్య.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంటి ముందు కారు ఆగింది. ఆయన చెయ్యి తాళం దాకా వెళ్ళి ఆగిపోయింది. చేతిగడియారం చూసుకుంటూ రెండు నిమిషాలు కూర్చున్నారు. ఎప్పుడూ లేనిది ఈయన కారులోనే కూర్చున్నారేమిటని విశాలాక్షి గారు వాకిట్లోకి వచ్చి చూసి, ఇద్దరి ముఖాలూ గమనించి, తిరిగి లోపలికి వెళ్ళిపోయారు. రెండు నిమిషాలయ్యాక తాళం తిప్పి, "నడిచి వెళ్ళగలవా?" అని మాత్రం అడిగారు.

లాలాపేట దాకా నడుస్తూ సమ్మయ్యకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. భయమో, బరువు దిగిందో అతనికే తెలియలేదు.

"చెప్పినవా?" అంది బుచ్చవ్వ.

"చెప్పిన."

"ఏమన్నడు?"

"గడియారం చూసిండు."

నాలుగు రోజులు ఏ కబురూ లేదు. ఐదో రోజున అటెండరు ఇన్నయ్య వర్క్‌షాపుకు వచ్చి, ఆ మాడిన షాఫ్టు పట్టుకుని థర్డ్ ఇయర్ క్లాసుకు ప్రొఫెసరు గారు రమ్మంటున్నారని చెప్పాడు. సమ్మయ్య షాఫ్టును గుడ్డలో చుట్టుకుని వెళ్ళాడు. అరవైమంది ముందు ఆయిలు సంగతి ఇంకోసారి తేల్చేస్తారు కాబోలు, తేల్చనీ, ఇక పోయేదేముంది అనుకున్నాడు.

అచ్యుతరామయ్య గారు బల్ల పక్కకు తప్పుకుని, "ఇవాళ పాఠం సమ్మయ్య గారు చెబుతారు. ఈ షాఫ్టు ఎందుకు పోయిందో వినండి," అన్నారు. అని, మెట్లెక్కి వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నారు.

విద్యార్థుల్లో కిసుక్కుమన్నవాళ్ళున్నారు. సమ్మయ్య చాక్‌పీసు ముట్టుకోలేదు. షాఫ్టును బల్ల మీద పెట్టి, తనకు తెలిసిన తోవలోనే పోయాడు. పొగ ఎట్ల తిప్పుతది, గాలి ఎట్ల ఊదుతది, ఆయిలు ఎందుకు కదలాలె, కదలకుంటె కాలిన పెనం మీద నూనె ఏమయితది. పెనం దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. కొందరు నోట్సు రాసుకోవడం మొదలుపెట్టారు. షాఫ్టు చేతులు మారుతూ బెంచీలన్నీ తిరిగి వచ్చింది.

"అయితే ఉస్తాద్, ఆయిలు ఖరాబ్ కాదా?" అన్నాడు ముందు బెంచీ అబ్బాయి.

"కాదు."

"మరి తప్పెవరిది?"

"నడిపినోళ్ళది." అని, నాలుక కరుచుకున్నాడు.

"నడిపిందెవరు ఉస్తాద్?" అన్నాడు ఇంకొకడు, ముఖం అమాయకంగా పెట్టి. నగరం మొత్తానికి అలాంటి కారు ఒక్కటే. నడిపేది ఎవరో గదిలో అందరికీ తెలుసు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం మాత్రం ఒక్కడికీ లేదు.

సమ్మయ్య షాఫ్టు వైపు చూశాడు. ఒక్క మాట అంటే చాలు, ఐదు నెలల బాకీ తీరిపోతుంది. గేటు ముందునుంచి స్కూటరు నెట్టుకుపోయిన శ్రీనివాసరావు కళ్ళ ముందు మెదిలాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చివరి బెంచీలో ఒంటరిగా కూర్చున్న ఆ పెద్దమనిషిని చూస్తే జాలేసింది.

"గది నేను చెప్ప," అన్నాడు.

చివరి బెంచీ కిర్రుమంది. ఒక చెయ్యి పైకి లేచింది.

వర్క్‌షాపులో పదహారేళ్ళుగా ఎవరు చెయ్యెత్తినా సమ్మయ్య అనే మాట ఒకటుంది. ఆ మాటే, అతను ఆపుకునే లోపల, నోటినుంచి వచ్చేసింది. "నిలబడి చెప్పు."

అరవైమందీ ఒకేసారి వెనక్కి తిరిగారు. అచ్యుతరామయ్య గారు లేచి నిలబడ్డారు.

"నేనే సార్ నడిపింది," అన్నారు. "ఆయిలు మంచిదే సార్."

సమ్మయ్య షాఫ్టును గుడ్డలో చుట్టి, మళ్ళీ విప్పి, బల్ల మీద పెట్టాడు.

"కూసోండ్రి," అన్నాడు.